బోరు మోటారు దగ్గర కరెంటు షాక్: స్టార్టర్ డబ్బా నుంచి ట్రాన్స్‌ఫార్మర్ దాకా ఏం చేయాలి, ఏం చేయకూడదు

తొలకరి పడి నాలుగు రోజులైతే చాలు, పేపర్ జిల్లా పేజీలో ‘మోటారు వేయడానికి వెళ్లి’ అని మొదలయ్యే వార్త కనిపిస్తుంది. లోపల వివరాలు చదివితే అన్నీ ఇంచుమించు ఒక్క తీరే. తడిసిన స్టార్టర్ డబ్బా, బురదలో ఒట్టి కాళ్లు, ఎప్పుడో తెగిపోయిన ఎర్త్ తీగ. కాదంటే ఫ్యూజు పోయిందని ట్రాన్స్‌ఫార్మర్ గద్దె ఎక్కడం. మొదటి రకం చావుకు అడ్డం పడే సామాను కరెంటు షాపుల్లో దొరుకుతుంది. రెండో రకానికి సామాను ఏదీ లేదు, ఎక్కకుండా ఉండటమే.

ముందు ఒక చిన్న లెక్క

ఒళ్లు తడిగా ఉండి కాళ్లు బురదలో ఉంటే మనిషి శరీరం సుమారు 1000 ఓమ్‌ల నిరోధం ఇస్తుంది. 230 వోల్టుల ఫేజు తగిలితే 230 మిల్లీ ఆంపియర్లు ఒంట్లోంచి పోతాయి. 10 మిల్లీ ఆంపియర్లు దాటితేనే కండరాలు బిగుసుకుని పట్టుకున్నది వదలలేం. 30 దాటి కాసేపు ఉంటే ఊపిరాడదు. 50 నుంచి 100 మధ్య వచ్చేసరికి గుండె కొట్టుకోవడం మానేసి గిలగిలా వణకడం మొదలుపెడుతుంది. అంటే 40 వాట్ల బల్బు వెలగడానికి తీసుకునే కరెంటులో సగం చాలు, మనిషి పోవడానికి.

ఇప్పుడు మీ ఫ్యూజు సంగతి చూడండి. 5 హెచ్‌పీ మోటారు నడిచేటప్పుడు దాదాపు 8 ఆంపియర్లు లాగుతుంది కాబట్టి 16 ఆంపియర్ల ఫ్యూజు వేస్తారు. 16 ఆంపియర్లంటే 16,000 మిల్లీ ఆంపియర్లు. మనిషి ఒంట్లోంచి పోయే 230 దానికి లెక్కలోకే రాదు. ఫ్యూజు బదులు పెట్టే ఆటోమేటిక్ స్విచ్చు, అంటే ఎంసీబీ అయినా అంతే. ఫ్యూజు, ఎంసీబీ ఉన్నది వైరునూ మోటారునూ కాపాడటానికి. మనిషి కోసం వేరే పరికరం పెట్టాలి.

ఎర్త్ ఉంది కదా అంటే సరిపోదు

చాలామందికి ఇక్కడే లెక్క తప్పుతుంది. మీ ఎర్త్ గుంత 10 ఓమ్‌లు, ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర న్యూట్రల్ ఎర్త్ 5 ఓమ్‌లు ఉన్నాయనుకోండి. లోపల ఫేజు వైరు ఊడి డబ్బా ఇనుముకు తగిలింది. 230ని 15తో భాగిస్తే సుమారు 15 ఆంపియర్లు భూమిలోకి పోతాయి. 16 ఆంపియర్ల ఫ్యూజు దీనికి కాలదు. అలా కాలకుండా ఉన్నంతసేపూ డబ్బా మీద దాదాపు 150 వోల్టులు నిలబడే ఉంటాయి. ఎర్త్ చేయించాం, ఫ్యూజు బాగుంది, అయినా డబ్బా షాక్ కొట్టింది అనే మాట వెనక ఉన్నది ఇదే.

ఈ సందును పూడ్చేది ఆర్‌సీసీబీ. షాపులో కొందరు ‘ఈఎల్‌సీబీ’ అనే అడుగుతారు, అదే ఇస్తారు. పోయిన కరెంటంతా తిరిగి వస్తోందా లేదా అని ఇది చూస్తుంది. 30 మిల్లీ ఆంపియర్ల తేడా వస్తే సెకనులో మూడో వంతు కంటే తక్కువ సమయంలో, తేడా ఐదు రెట్లుంటే సెకనులో 25వ వంతులోపే సరఫరా తెంచేస్తుంది. పై లెక్కలో 15 ఆంపియర్లు భూమిలోకి పోతున్నాయి గనుక డబ్బాను ఎవరూ ముట్టకముందే ఆర్‌సీసీబీ పడిపోయి సరఫరా తెగుతుంది. ఎర్త్ ఓ మోస్తరుగా ఉన్నా దీనికి చాలు. అసలు ఎర్త్ లేకపోతే మాత్రం మనిషి తగిలాకే పడుతుంది. అందుకే రెండూ ఉండాలి.

ఆర్‌సీసీబీ ఎలా పెట్టించాలి

మూడు ఫేజుల మోటారుకు 4 పోల్, 40 ఆంపియర్, 30 మిల్లీ ఆంపియర్ అని అడగండి. 100, 300 మిల్లీ ఆంపియర్లవి కూడా అమ్ముతారు. మాటిమాటికీ పడదని షాపువాళ్లు అంటగడతారు, అవి మనిషి కోసం చేసినవి కావు. ఐఎస్‌ఐ గుర్తు చూసి తీసుకోండి.

వరస ఇలా ఉండాలి: స్తంభం నుంచి వచ్చిన సర్వీసు వైరు ముందుగా 4 పోల్ ఎంసీబీకి (5 హెచ్‌పీకి సీ రకం, 16 లేదా 20 ఆంపియర్లు), దాని నుంచి ఆర్‌సీసీబీకి, అక్కడి నుంచి స్టార్టర్‌కు, చివరకు మోటారుకు. ఎంసీబీ లేకుండా ఒట్టి ఆర్‌సీసీబీ పెడితే షార్ట్ సర్క్యూట్‌లో అదే కాలిపోతుంది. పైగా ఎంసీబీ ఉంటే, స్టార్టర్ విప్పాల్సి వచ్చినప్పుడు కరెంటు తెంపడానికి మీ చేతిలో ఒక స్విచ్చు ఉంటుంది. అది లేకే జనం స్తంభం మీది ఫ్యూజుల జోలికి పోతారు.

పని లైసెన్సున్న ఎలక్ట్రీషియన్ చేత చేయించండి. పక్కన నిలబడి ఈ నాలుగూ చూసుకోండి:

1. న్యూట్రల్ కూడా ఆర్‌సీసీబీ గుండా పోవాలి. మోటారుకు న్యూట్రల్ అక్కర్లేదని వదిలేస్తే చాలా మోడళ్లలో టెస్ట్ బటన్ పని చేయదు.

2. ఎర్త్ తీగ మాత్రం దాని గుండా పోకూడదు. ఆర్‌సీసీబీ దాటాక ఎర్త్, న్యూట్రల్ ఎక్కడా కలవకూడదు.

3. షెడ్డులో బల్బుంటే దాని రెండు కొసలూ ఆర్‌సీసీబీ అవుట్‌పుట్ నుంచే రావాలి. ఒక ఫేజు తీసి రెండో కొస ఎర్త్ పైపుకో బోరు కేసింగ్‌కో చుట్టేసే అలవాటు మన పొలాల్లో చాలా ఎక్కువ. అలా ఉంటే ఆర్‌సీసీబీ నిలవదు. అది లేని చోట ఇంకా ఘోరం. ఎర్త్ పైపు దగ్గర క్లాంపు వదులైన రోజున బల్బు ఫిలమెంటు గుండా ఫేజు వచ్చి డబ్బా అంతా పాకుతుంది. బల్బు ఆరిపోయింది, కరెంటు పోయింది కాబోలు అనుకుని డబ్బా తెరవబోతారు.

4. బిగించాక మీ కళ్లముందే టెస్ట్ బటన్ నొక్కి పడుతోందో లేదో చూపించమనండి. తర్వాత నెలకోసారి మీరే నొక్కండి. నొక్కినా పడకపోతే ఆ పరికరం పోయినట్టే, మార్చేయాలి.

పెట్టిన వారానికే ‘ఇది ఊరికే పడుతోంది’ అని తీసి పక్కన పెట్టేస్తారు. తీయబోయే ముందు ఈ లెక్క చూడండి. 30 మిల్లీ ఆంపియర్ల రకం సాధారణంగా 15కూ 30కీ మధ్య పడుతుంది. అంత కరెంటు కారాలంటే వైరు ఇన్సులేషన్ 8 నుంచి 15 వేల ఓమ్‌లకు దిగజారి ఉండాలి. ఇన్సులేషన్ కొలిచే మెగ్గర్ పెట్టి చూస్తే కనీసం 10 లక్షల ఓమ్‌లు, అంటే ఒక మెగాఓమ్ ఉండాల్సిన చోట ఇది. కాబట్టి పడిందంటే ఎక్కడో కరెంటు కారుతున్నట్టే. మెయిన్ ఆపి, స్టార్టర్ దగ్గర మోటారు కేబుల్ విప్పించి ఆర్‌సీసీబీ మళ్లీ వేయించండి. నిలబడితే లోపం కేబుల్‌లోనో మోటారులోనో ఉంది. చాలాసార్లు అది బోరులోకి దింపిన కేబుల్ జాయింటు అవుతుంది. జాయింటుకు మామూలు ఇన్సులేషన్ టేపు చుడితే నీళ్లలో నెలలు కూడా ఆగదు. నీటిలో పనిచేసే రబ్బరు టేపు సాగదీసి చుట్టి, దాని మీద పీవీసీ టేపు వేయాలి. మూడు వైర్ల జాయింట్లూ ఒకే చోట కాకుండా మెట్లు మెట్లుగా రావాలి.

ఆర్‌సీసీబీ అడ్డుకోలేనిది ఒకటుంది. రెండు చేతులతో రెండు ఫేజులు పట్టుకుంటే, దాని దృష్టిలో మీరూ ఒక మోటారే. పడదు.

ఎర్త్ గుంత

చోటు మొదట చూసుకోవాలి. బోరు నీళ్లు పారే కాలువ పక్కన, ఎప్పుడూ చెమ్మ ఉండే చోటు మేలు. షెడ్డు గోడకు మీటరున్నర దూరం ఉండాలి. 40 మి.మీ. జీఐ పైపు రెండున్నర మీటర్లది తీసుకుని, కింది భాగంలో 12 మి.మీ. రంధ్రాలు వేయించండి. గుంతలో నిలబెట్టి చుట్టూ బొగ్గు, గళ్లుప్పు పొరలు పొరలుగా నింపి పూడ్చాలి. పైపు కొస నేల పైకి జానెడు ఉంటే ఎండాకాలం నీళ్లు పోయడానికి వీలు. పైపు నుంచి డబ్బా దాకా 8 గేజి జీఐ తీగ, అతుకు లేకుండా. పైపు దగ్గర క్లాంపు వేసి నట్టు బోల్టుతో బిగించాలి. చేత్తో నాలుగు మెలికలు తిప్పి వదిలేసిన చోట తుప్పు పడుతుంది, చూడటానికి తీగ ఉంటుంది, ఎర్త్ మాత్రం ఉండదు.

ఈ తీగ స్టార్టర్ ఇనుప బాడీకి, కెపాసిటర్ డబ్బాకు, పైనుండే మోటారైతే దాని బాడీకి, బోరు నోటి దగ్గర ఇనుప పైపుకు, అన్నిటికీ కలవాలి. డబ్బా తలుపుకు రంగు వేసి ఉంటే బోల్టు కింద రంగు గీకి బిగించాలి.

100 వాట్ల బల్బు ఫేజుకూ ఎర్త్‌కూ మధ్య పెట్టి ‘చూశారా, ఎంత బాగా వెలుగుతోందో’ అంటారు. అది నమ్మకండి. ఎర్త్ 50 ఓమ్‌లంత చెడ్డగా ఉన్నా ఆ బల్బుకు 210 వోల్టులు అందుతాయి, మీ కంటికి తేడా తెలియదు. ఎర్త్ టెస్టర్‌తో కొలిపించి 5 ఓమ్‌లలోపు ఉండేలా చూసుకోండి. ఏటా ఏప్రిల్, మే నెలల్లో కొలిపిస్తే అసలు రంగు తెలుస్తుంది. వానాకాలంలో ఎలాంటి ఎర్త్ అయినా బాగానే కనిపిస్తుంది.

స్టార్టర్ డబ్బా

తుమ్మ కర్రకు కొట్టిన ఇనుప డబ్బా, తలుపు లేదు, పైన యూరియా సంచి కప్పారు. చాలా పొలాల్లో స్టార్టర్ ఇలాగే ఉంటుంది. మార్చాల్సింది పెద్దగా లేదు. బయటి పెట్టె ప్లాస్టిక్‌దైతే మీ చెయ్యి ఇనుముకు తగిలే అవసరమే తగ్గుతుంది. ఛాతీ ఎత్తున, పైన రేకు వేసి, తలుపు గాలివాన వచ్చే వైపు కాకుండా తిప్పి బిగించండి. వైర్లన్నీ డబ్బా అడుగు నుంచి లోపలికి పోవాలి. పోయే ముందు వైరు కాస్త కిందికి వేలాడి మళ్లీ పైకి ఎక్కేలా ఉంచితే వాన నీరు ఆ వంపు దగ్గరే కారిపోతుంది. రంధ్రాల్లో రబ్బరు బుష్‌లు ఉండాలి, లేకపోతే మోటారు అదురుకు రేకు అంచు ఇన్సులేషన్‌ను కోసేస్తుంది. ఖాళీ రంధ్రాలు మూసేయండి. బల్లులు, చీమలు, ఎలుకలు దూరేది అక్కడి నుంచే.

పచ్చ బటన్ విరిగిపోతే లోపలి కాంటాక్టును పుల్లతో నొక్కడం చూస్తుంటాం. బటన్ ఖరీదు చాలా తక్కువ, ఆ రోజే మార్పించండి.

మోటారు వేసేటప్పుడు: కాళ్ల కింద పొడి చెక్క పీటో రబ్బరు మ్యాటో ఉండాలి, చేతులు తుడుచుకోవాలి, రెండో చెయ్యి దేన్నీ పట్టుకోకూడదు. తడిసిన హవాయి చెప్పులు వేసుకున్నా వేసుకోనట్టే. ఇనుప తలుపు తెరిచేటప్పుడు గుప్పిటతో పట్టుకోకుండా ముందు టెస్టర్ పెట్టండి. టెస్టర్‌ను కూడా ముందుగా కరెంటున్న చోట పెట్టి వెలుగుతోందో లేదో చూసుకోవాలి. మిట్ట మధ్యాహ్నం ఎండలో దాని వెలుగు కనిపించదు, చెయ్యి అడ్డం పెట్టి చూడాలి.

ఆపాక కూడా కెపాసిటర్‌లో కరెంటు నిలిచి ఉంటుంది. ఐదు నిమిషాలు ఆగాకే దాని జోలికి వెళ్లాలి, ఆ నిలిచిన కరెంటు టెస్టర్‌కు సరిగా తెలియదు.

ఆటో స్టార్టర్ ఉంటే తీయించేయండి. సరఫరా వేళాపాళా లేని రోజుల్లో, రాత్రిపూట లేచి వెళ్లలేక పెట్టుకున్నవి అవి. తెలంగాణలో 2018 జనవరి 1 నుంచి వ్యవసాయానికి 24 గంటల సరఫరా మొదలయ్యాక వాటి అవసరమే పోయింది, అయినా చాలా డబ్బాల్లో ఇంకా ఉన్నాయి. కరెంటు లేదు కదా అని వైరు పట్టుకుని ఉంటారు, కరెంటు రాగానే అదే స్టార్టవుతుంది.

మోటారు తిరగడం లేదంటే కరెంటు లేదని కాదు

ట్రాన్స్‌ఫార్మర్ దగ్గరి మరణాల్లో చాలావాటికి మూలం ఈ ఒక్క పొరపాటు. మూడు ఫేజుల్లో ఒక ఫ్యూజు పోయింది. మోటారు మూలుగుతోంది, లేదా ఆగిపోయింది. పోయిన ఫ్యూజు గ్రిప్పు ఊడదీస్తే ఆ ఫేజు పై కొన సరఫరా వైపు కాబట్టి కరెంటు ఉంటుందని అందరికీ తెలుసు. కింది కొన చచ్చిపోయిందనుకుంటారు. అదే బ్రతికి ఉంటుంది. మిగతా రెండు ఫేజుల కరెంటు మోటారు చుట్టల్లోకి పోయి, మూడో వైరు గుండా వెనక్కి తిరిగి ఆ కింది కొన దాకా వస్తుంది. మీ మోటారు ఆపినా సరే. అదే ట్రాన్స్‌ఫార్మర్ మీదున్న పక్క పొలం మోటారు ఆన్‌లో ఉంటే చాలు.

ట్రాన్స్‌ఫార్మర్‌కు సరఫరా తెంపే ఏబీ స్విచ్ దించాం కదా అంటే, తుప్పు పట్టిన స్విచ్‌లో మూడు బ్లేడ్లలో రెండు విడిపోయి ఒకటి అతుక్కునే ఉండొచ్చు. చీకట్లో కింది నుంచి చూస్తే తెలియదు. స్విచ్ పై భాగంలో 11 కేవీ (11 వేల వోల్టులు) ఎలాగూ ఉంటుంది. దానికి ముట్టుకోవడం కూడా అక్కర్లేదు, మరీ దగ్గరికి వెళ్తే గాలిలోంచే దూకుతుంది. డిపార్టుమెంటు మనిషి అయితే సబ్‌స్టేషన్ నుంచి ఎల్‌సీ (లైన్ ఆపినట్టు అనుమతి) తీసుకుని, స్విచ్ తెరిచి, మూడు బ్లేడ్లూ కంటితో చూసి, ఎర్త్ రాడ్లు తగిలించాకే చెయ్యి పెట్టాలి. అవేవీ మీ దగ్గర ఉండవు.

పైరు ఎండుతోంది, లైన్‌మన్ ఫోనెత్తడం లేదు, నాలుగూళ్లకు ఒక్కడే ఉన్నాడు. ఈ బాధ నిజమే. అయినా చేయాల్సింది ఇదే: కరెంటు ఫిర్యాదుల నంబరు 1912కు ఫోన్ చేసి ట్రాన్స్‌ఫార్మర్ నంబరు చెప్పి, ఫిర్యాదు నంబరు రాసుకోండి. ఆ ట్రాన్స్‌ఫార్మర్ కింద ఉన్న రైతులంతా ఒక్కో ఫోన్ చేస్తే కదలిక వస్తుంది. ఫ్యూజులు మాటిమాటికీ పోతుంటే లోడు ఎక్కువైందని ఏఈకి (కరెంటు డిపార్టుమెంటు అసిస్టెంట్ ఇంజనీరుకు) రాసివ్వండి. లైను తీగ (కండక్టర్) పోగు తెచ్చి ఫ్యూజులో వేయడం మాత్రం వద్దు. అది కాలకపోవడం వల్లనే తర్వాతి షార్ట్ సర్క్యూట్‌లో లైన్లు తెగి పొలంలో పడతాయి.

పైపులు, కోత మిషన్లు, తెగిన తీగ

పొలాల మీదుగా పోయే 11 కేవీ తీగ నేల నుంచి కనీసం 4.6 మీటర్లు ఉండాలని నిబంధన. బోరు జీఐ పైపు 20 అడుగులు, అంటే 6.1 మీటర్లు. నిబంధన ప్రకారం ఉన్న తీగకు కూడా నిలబెట్టిన పైపు తగులుతుంది. మోటారు పైకి తీసే ముందు తలెత్తి చూడండి. తీగ దగ్గరుంటే లైన్ ఆపించకుండా పని మొదలుపెట్టొద్దు. గడ్డి ఎత్తిన ట్రాక్టరు, కోత మిషను, మామిడికాయలు తెంపే ఇనుప చిక్కం, అల్యూమినియం నిచ్చెన, అన్నిటికీ ఇదే లెక్క.

తెగిన తీగ నేల మీద కనిపిస్తే 10 మీటర్ల అవతలే ఆగండి. ఆ చుట్టూ నేలలోనే వోల్టేజీ పరుచుకుని ఉంటుంది, ఒక కాలికీ ఇంకో కాలికీ మధ్య తేడా వస్తేనే షాక్. పశువులకు ముందు కాళ్లకూ వెనక కాళ్లకూ దూరం ఎక్కువ, అందుకే ముందు అవే పోతాయి. ఇప్పటికే దగ్గరికి వెళ్లిపోయి కాళ్లు జిల్లుమంటే పరుగెత్తకండి. రెండు పాదాలూ ఒకదానికొకటి ఆనించి, నేల మీద ఈడ్చుకుంటూ కొద్దికొద్దిగా బయటికి రండి.

అడవి పందుల కోసం కంచెకు నేరుగా కరెంటు పెట్టడం గురించి ఒక్క మాట. సోలార్ కంచె మిషను సెకనుకో చిన్న దెబ్బ కొడుతుంది, ఆ దెబ్బ సెకనులో వందో వంతు కూడా ఉండదు, తగిలినవాడు చెయ్యి వెనక్కి లాక్కోగలడు. లైను తీగ ఎడతెగకుండా పట్టుకుంటుంది. రాత్రి కాలకృత్యాలకు వెళ్లినవాళ్లు, నీళ్లు కట్టడానికి వెళ్లిన పక్క పొలం రైతు, ఒక్కోసారి పెట్టినవాడే దానికి బలవుతాడు. కేసు కూడా మామూలుది కాదు.

ఇంటి దగ్గర

దండేనికి బైండింగ్ వైరు వాడొద్దు, నైలాన్ తాడు కట్టండి. స్తంభానికి, స్టే వైరుకు, సర్వీసు వైరు పోయే పైపుకు దండెం కట్టనే వద్దు. ఇనుప కూలర్‌లో నీళ్లు పోసేటప్పుడు ప్లగ్గు తీసేయాలి, స్విచ్ ఆపితే చాలదు. వాటర్ హీటర్ రాడ్ ఆన్‌లో ఉండగా నీళ్లలో వేలు పెట్టి చూడటం మానేయాలి. ఇంటి మెయిన్ దగ్గర 2 పోల్, 30 మిల్లీ ఆంపియర్ ఆర్‌సీసీబీ ఒకటి ఉంటే కూలర్‌కూ హీటర్‌కూ కాపలా.

ఎవరికైనా షాక్ కొట్టినప్పుడు

ముందు కరెంటు తెంపాలి. మెయిన్ ఆపండి, ప్లగ్గు లాగండి. స్విచ్ దూరమైతే పొడి కర్రతోనో పొడి ప్లాస్టిక్ పైపుతోనో మనిషిని తీగ నుంచి విడదీయండి, మీరు పొడి చెక్క మీద నిలబడి. తడి కర్ర పనికిరాదు. చేత్తో లాగితే ఇద్దరూ పోతారు. 11 కేవీ అయితే కర్ర కూడా పనికిరాదు. 1912కు చెప్పి లైన్ ఆపించే దాకా దగ్గరికి వెళ్లొద్దు.

విడిపడ్డాక పిలిచి చూడండి. పలకకుండా, మామూలుగా ఊపిరి తీయకుండా ఉంటే ఒకరు 108కి ఫోన్ చేయాలి, ఇంకొకరు వెంటనే గుండె మీద నొక్కడం మొదలుపెట్టాలి. మధ్యమధ్య గురక లాంటి శబ్దం వస్తే అది ఊపిరి కాదు, ఆగొద్దు. గట్టి నేల మీద వెల్లకిలా పడుకోబెట్టి, ఛాతీ నడిమి ఎముక మీద ఒక అరచేతి మడమ, దాని మీద రెండో చెయ్యి, మోచేతులు వంచకుండా 5 నుంచి 6 సెంటీమీటర్లు లోపలికి దిగేలా నొక్కాలి. నిమిషానికి 100 నుంచి 120 సార్లు. నొక్కిన ప్రతిసారీ ఛాతీ పూర్తిగా పైకి లేవనివ్వాలి. నోటితో ఊపిరి ఇవ్వడం వస్తే 30 నొక్కులకు 2 ఊపిర్లు, రాకపోతే నొక్కడం ఒక్కటే చేయండి. రెండు నిమిషాలకు చెయ్యి అలిసిపోతుంది, మనిషి మారాలి. అరికాళ్లు రుద్దడం, మట్టిలో కప్పిపెట్టడం, నోట్లో నీళ్లు పోయడం వల్ల విలువైన నిమిషాలే పోతాయి. 108 వచ్చేదాకా ఆపొద్దు.

తేరుకుని లేచి కూర్చుని ‘ఏం కాలేదు’ అన్నా ఆసుపత్రికి తీసుకెళ్లి ఈసీజీ తీయించండి. పైన చిన్న కాలిన మచ్చే కనిపించినా లోపల కండరాలు ఉడికి ఉండొచ్చు. మర్నాటిలోగా మూత్రం టీ డికాక్షన్ రంగులో వస్తే కిడ్నీల మీద పడిందని అర్థం, ఇంటి దగ్గర ఉంచకుండా వెంటనే డాక్టరుకు చెప్పాలి.